ఘాటు పోయిన ఇల్లు

వేమవరప్పాడులో అక్బర్ కారం మర పొద్దున ఆరున్నరకి మొదలవుతుంది. మర మోత కంటే ముందు తుమ్ములు వినపడతాయి. మార్చిలో, ఊరంతా ఏడాదికి సరిపడా కారం పట్టించుకునే రోజుల్లో, ఒక బస్తా అయ్యేలోపు అక్కడ నిలబడ్డ మనిషి సగటున నాలుగుసార్లు తుమ్ముతాడని అక్బర్ లెక్క. పొరుగూరి మనిషైతే ఏడు. స్నేహితుడు వీరబాబైతే పదకొండు, అందులో సగం నటన. అక్బర్ మాత్రం తుమ్మడు. ముక్కుకి తువ్వాలు బిగించి, తొట్టిలోకి కాయలు వంచుతూ, పక్కవాళ్ళ తుమ్ములు లెక్కపెడుతూ పద్నాలుగేళ్ళుగా మర నడుపుతున్నాడు.

తువ్వాలు వెనక మొహం ఎలా ఉందో ఎవరికీ కనపడదు. ఆ ఏడాది, అంటే రెండువేల నాలుగులో, అది అతనికి బాగా కలిసొచ్చింది.

మరా ఇల్లూ ఒకే రేకుల కప్పు కింద ఉంటాయి. మధ్యలో ఒక్క గోడ, ఆ గోడకో తలుపు. ఎప్పుడూ జనం సాయంత్రం బస్తాలు దింపేసి వెళ్ళి, మర్నాడు వచ్చి కారం తీసుకెళ్ళేవాళ్ళు. మాఘమాసం నించి అక్బర్ ఆ పద్ధతి మాన్పించాడు. వీధి తలుపు మీద సుద్దముక్కతో పెద్దక్షరాలు రాశాడు: రాత్రికి బస్తాలు ఉంచుకోబడవు.

"ఏరా, నా బస్తా మీ ఇంట్లో పడుకుంటే దుప్పటి అడుగుతుందా?" అన్నాడు వీరబాబు.

"ఎలకలు పడ్డాయిరా."

"ఎలకలు మిరపకాయలు తింటున్నాయా? ఇదేం కొత్త రకంరా నాయనా! ఒకటి పట్టివ్వు, పెంచుకుంటా."

అక్బర్ బెల్టు సర్దుతున్నట్టు వంగాడు. వీరబాబు నవ్వుతూనే అన్నాడు గానీ, వెళ్ళేటప్పుడు సుద్ద రాతని రెండుసార్లు చదివాడు. అది అక్బర్ చూశాడు. వీడికి అర్థమైపోయిందా?

ఆ ప్రాంతంలో బడి పిల్లలకి కూడా తెలిసిన సంగతే. ఏ ఇంట్లోనైనా ఒక మనిషి మనసులో చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చి కూర్చుంటే, ఆ కప్పు కింద ఒక రాత్రి ఉన్న మిరపకాయల్లో ఘాటు పోతుంది. కాయైనా అంతే, పొడైనా అంతే. రంగు పోదు, వాసన పోదు. నాలిక మీద వేసుకుంటే మాత్రం ఇటుకపొడి. వాన పడితే కళ్ళంలో కాయలు తెల్లబడి తాలవుతాయి కదా, అలాగే ఇదీను. దీనికెవరూ ఆశ్చర్యపోరు.

ఆశ్చర్యపోరు గానీ దాస్తారు. కారం చప్పబడిందని తెలిస్తే ఆ ఇంటికి పిల్లనివ్వరు, ఆ ఇంటి పిల్లని చేసుకోరు. అందుకని గుట్టుగా పక్క ఊరి నించి ఏ రోజుకారోజు ఘాటు కారం తెచ్చి కలిపేస్తారు. ఎవరైనా అడిగితే "ఈసారి బ్యాడిగి రకం వేశాంలే, రంగే తప్ప కారముండదు" అంటారు. ఊళ్ళో బ్యాడిగి వేసిన రైతులు నలుగురు. బ్యాడిగి వేశామని చెప్పిన ఇళ్ళు తొమ్మిది. ఆ మిగతా ఐదిళ్ళూ ఏవో మర నడిపేవాడికి తెలియకుండా ఉంటుందా? ఐదింటిలోనూ ముందు అనుమానించింది కోడల్నే. తీరా కోడలని తేలింది ఒక్క ఇంట్లో.

ఇప్పుడు ఆరో ఇల్లు తనదే.

పుష్యమాసంలో ఒకరోజు కాలవగట్టు మీద సైకిల్ తొక్కుతుంటే వచ్చింది ఆ ఆలోచన. నేను లేకపోయినా మర తిరుగుతుంది. అంతే, అంత చిన్నది. మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత పోవడం మానేసింది. అక్బర్ కారణం కోసం వెతికాడు. మర బాగానే ఆడుతోంది. పెళ్ళాం రిహానా మంచిది. పోయిన ఆగస్టులో ఆమెకి నాలుగో నెల కడుపు పోయింది, నిజమే. కానీ ఆమె నెలరోజులు ఏడ్చి లేచి నిలబడింది, అతను అసలు ఏడవనే లేదు. మరి ఇదేంటి? కారణం చెప్పలేని ఆ బరువుని అతను దొంగని చూసినట్టు చూశాడు. తనమీద తనకే అనుమానం. ఇదంతా బద్ధకమేమో, వేషమేమో అనుకున్నాడు. కానీ మిరపకాయలు వేషాలు వెయ్యవు కదా.

అన్నం దగ్గర మొదట పట్టుకున్నది తల్లి నసీమున్నీసా. గోంగూర పచ్చడి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం ఆపేసింది.

"రిహానా, ఇందులో కారం ఎంత వేశావే?"

"ఎప్పుడూ వేసేంతే అత్తా. నాలుగు చెంచాలు."

"నాలుగు చెంచాలు వేస్తే నా కళ్ళలో నీళ్ళేవీ?"

"బ్యాడిగి కలిసుంటుందమ్మా, బస్తాలు తారుమారయ్యాయి" అన్నాడు అక్బర్ తలెత్తకుండా.

నసీమున్నీసా కొడుకు వైపు చూడలేదు. కోడలి వైపే చూసింది. ఆ చూపు ఎటు పోయిందో అక్బర్‌కి తెలుసు, పోయిన ఆగస్టుకి. తనే అని ఒక్కమాట అంటే సరిపోయేది. అనలేదు. పచ్చడి కలుపుకుని తిన్నాడు.

అప్పట్నించి ఆ ఇంట్లో ముగ్గురు మనుషులూ ఒకళ్ళనొకళ్ళు పోలీసుల్లా కాపలా కాశారు. రిహానా బోరింగుకి వెళ్తే అత్త వెనకే వెళ్ళేది. స్నానాల గది తలుపు రెండు నిమిషాలు దాటి మూసుంటే తట్టేది. దర్గా నించి తాయెత్తు తెచ్చి కోడలి జబ్బకి కట్టింది. ఎందుకో చెప్పలేదు. అత్త తన చీరల పెట్టె కూడా వెతుకుతోందని రిహానాకి అనుమానం. రెండు ముద్దలతో లేచిపోతున్న మొగుడి మీద ఇంకో అనుమానం. అక్బర్‌కి ఇద్దరి మీదా అనుమానమే. వీళ్ళకి తెలిసిపోయి నాటకమాడుతున్నారేమోనని.

ఆరోగ్య ఉపకేంద్రం నర్సు రెబ్కా ప్రతి బుధవారం ఇల్లిల్లూ తిరుగుతుంది. ఆమె రిజిస్టరులో జ్వరాలకి, బాలింతలకి, టీకాలకి ఉన్న గడుల పక్కన, స్కేలు పెట్టి తనే గీసుకున్న గడి ఒకటుంది. దాని పైన "కారం" అని రాసుంటుంది. ప్రతి ఇంట్లో చిటికెడు అడిగి నాలిక మీద వేసుకుంటుంది. నసీమున్నీసా పెరట్లోకి వెళ్ళి, కప్పు కింద పెట్టకుండా చెట్టుకి వేలాడదీసిన వేరే డబ్బాలోంచి తెచ్చిచ్చింది.

రెబ్కా కళ్ళు తుడుచుకుంది. "అబ్బో, బాగా మండుతోంది. ఇది అద్దంకి కారంలా ఉందే నసీమమ్మా?"

"ఎక్కడిదైతే ఏంటి, కారం కారమే."

"కొడుకు ఇంట్లో మర పెట్టుకుని నువ్వు అద్దంకిలో కొనుక్కుంటున్నావా?"

"వాడు పట్టే కారం నాకు సరిపడదు తల్లీ. కడుపులో మంట."

కడుపులో మంటని తగ్గించుకోడానికి ఇంకా మండే కారం కొంటున్న మనిషిని రెబ్కా కాసేపు చూసింది. గడిలో ప్రశ్న గుర్తు వేసింది. తలుపు సందులోంచి అక్బర్ అదంతా గమనిస్తూనే ఉన్నాడు. వెళ్తూ వెళ్తూ రెబ్కా కూడా రిహానా దగ్గరే ఆగింది. "ఒంట్లో బాగుంటోందా అమ్మాయ్? నిద్ర పడుతోందా?" అని రెండు నిమిషాలు ఆమెనే అడిగింది.

మర్నాడు నసీమున్నీసా తేల్చేసింది. "పేరాలలో మీ అమ్మ దగ్గర పదిరోజులుండి రా రిహానా. మనసు తేలికపడుతుంది."

"నా మనసుకేమైంది అత్తా?"

"వెళ్ళమన్నప్పుడు వెళ్ళాలి."

రిహానా మొగుడి వైపు చూసింది. అక్బర్ "వెళ్ళిరా" అన్నాడు. ఇంట్లో ఒక మనిషి తగ్గితే మంచిదే అనుకున్నాడు. ఎందుకు మంచిదో తనతో తను కూడా చెప్పుకోలేదు.

పదిరోజులకని వెళ్ళిన మనిషి నాలుగో రోజు మధ్యాహ్నం సంచీతో సహా మర గుమ్మంలో నిలబడింది. అప్పుడే కరెంటు పోయింది. వరసలో ఉన్నవాళ్ళు మళ్ళీ వస్తామని వెళ్ళిపోయారు. రిహానా చెప్పులు విడవకుండా వంటింట్లోకి వెళ్ళి, అద్దంకి డబ్బా కాదు, మామూలు డబ్బా పట్టుకొచ్చింది. వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది.

"ఇదెప్పుడు పట్టింది?"

"మొన్న" అన్నాడు అక్బర్.

"నేను లేనప్పుడే కదా. చప్పగా ఉంది. పేరాలలో నేను మూడు రాత్రులు పడుకున్న ఇంట్లో గొడ్డుకారం వేసుకుని తిన్నాను, చెవుల్లోంచి పొగలొచ్చాయి. అంటే నేను కాదు." ఆమె గొంతు తగ్గింది. "నెలరోజుల నించి అత్త నా వెంట ఎందుకు తిరుగుతోందో బస్సులో అర్థమైంది. నన్నే అనుకుంది. మీరూ అనుకోనిచ్చారు. ముగ్గురిలో నన్ను తీసేస్తే ఇంక ఇద్దరే ఉన్నారు."

అక్బర్ తువ్వాలు ముక్కు మీదికి లాక్కున్నాడు. మర ఆగిపోయింది, దుమ్ము కూడా లేదు.

"అమ్మేమో" అన్నాడు.

అన్న మరుక్షణం ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని అతనికే నమ్మకం కుదరలేదు. గోడ అవతల తలుపు తెరుచుకుంది. నసీమున్నీసా అంతా వింది.

"ఔను, నేనే" అంది ఆవిడ గబగబా. "నేనే రిహానా. ముసలిదాన్నయ్యాను, విసుగొచ్చింది. ఇంకెవరినీ అనుమానించకు."

రిహానా అత్తని పైనించి కిందదాకా చూసింది. "పోయిన వారమే గుంటూరు వెళ్ళి పళ్ళ సెట్టుకి కొలతలిచ్చొచ్చావు. ముందు పళ్ళు తెల్లగా ఉండాలని ఆ డాక్టరుతో గంటసేపు పోట్లాడావంట. నువ్వు చచ్చిపోతావా అత్తా?"

నసీమున్నీసా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రిహానా సంచీ కింద పెట్టింది. అక్బర్ ఎదురుగా వచ్చి, చెయ్యి చాపి, తువ్వాలు కిందికి లాగింది.

"ఏమండీ, చచ్చిపోవాలనిపిస్తోందా మీకు?"

ఆ ఊళ్ళో ఆ ప్రశ్నని ఎవరూ పైకి అడగరు. అడిగితే లేనిదాన్ని తెచ్చిపెట్టినట్టవుతుందని భయం. అందుకే డబ్బాలు మార్చుకుంటారు, బ్యాడిగి అంటారు, కోడళ్ళని పుట్టిళ్ళకి పంపుతారు. రిహానా అడిగేసింది. కొత్తగా ఏమీ వచ్చిపడలేదు. ఉన్నదే ఉంది. కాకపోతే ఇప్పుడది ముగ్గురి మధ్యలో ఉంది.

"ఊఁ" అన్నాడు అక్బర్.

"ఎన్నాళ్ళ నించి?"

"అరవై మూడు రోజులు."

"రోజులు లెక్కపెట్టుకున్నారా? అన్ని రోజుల్లో నాకు చెప్పడానికి ఒక్క రోజు దొరకలేదా మీకు?" అని ఆమె అతని చొక్కా పట్టుకుని ఏడ్చింది. అక్బర్‌కీ ఏడుపొచ్చింది. ఆగస్టులో రావలసిన ఏడుపేమో, చాలాసేపు పట్టింది. డబ్బాలో ముంచిన వేలితోనే రిహానా అతని మొహం తుడిచినా కళ్ళు మండలేదు.

నసీమున్నీసా తొట్టి పక్కన నేల మీద కూలబడింది. ఆవిడ మాట్లాడటం మొదలుపెడితే ఇద్దరూ ఏడుపాపి విన్నారు.

"మీ నాన్నప్పుడూ ఇంతేరా. నలభై రోజులు నేను ఘాటు కారం తెచ్చి కలిపాను. ఎవరూ కనిపెట్టలేదు. నాకు తెలుసన్న సంగతి ఆయనక్కూడా తెలియనివ్వలేదు. అడిగితే ఆయన బాధపడతాడని." ఆవిడ డబ్బా మూత తీసి లోపలికి చూసింది. "పచ్చడి నోట్లో పెట్టుకోగానే నువ్వేనని నాకు తెలుసు. తెలిసే రిహానా వైపు చూశాను. నువ్వు కాకుండా ఎవరైనా ఫరవాలేదనుకున్నానురా, అల్లా నన్ను క్షమించాలి."

తండ్రి బుడాన్ పోయినప్పుడు అక్బర్‌కి తొమ్మిదేళ్ళు. గుండెపోటని చెప్పారు. ఇరవైమూడేళ్ళు అతను గుండెపోటనే అనుకున్నాడు.

నసీమున్నీసా లేచింది. కొంగు నడుముకి దోపి, డబ్బా చంకన పెట్టుకుని వీధిలోకి నడిచింది.

"అమ్మా! ఎక్కడికి?"

"ఇల్లిల్లూ చూపించొస్తా."

"పరువు పోతుందమ్మా!"

"పోనీ. ఆ మనిషిని పోగొట్టుకున్నాను, పరువు మాత్రం ఇరవైమూడేళ్ళుగా భద్రంగా ఉంది. ఏం చేసుకోను దాన్ని?"

ఆ వీధిలో పద్నాలుగిళ్ళు. ప్రతి గుమ్మంలోనూ నిలబడి ఆవిడ ఒకటే మాట చెప్పింది. "ఇది మా ఇంటి కారం. నాలిక మీద వేసుకు చూడండి. మా అక్బర్‌కి బాగాలేదు. మీరు చూస్తూ ఉండాలి." రెండిళ్ళవాళ్ళు తలుపులు దగ్గరికేసుకున్నారు. ఒకావిడ, చూడనే చూడకుండా, "బ్యాడిగిలే వదినా" అంది. నసీమున్నీసా ఆవిడ నోటిదాకా చెయ్యి తీసుకెళ్ళి "బ్యాడిగి కాదు, తిను" అంది. ఎనిమిదో ఇంట్లో అంకారావు భార్య సామ్రాజ్యం చిటికెడు తీసుకుని, రుచి చూసి, లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు ఆమె చేతిలో ఇంకో గిన్నె ఉంది. "మాదీ చూడు పిన్నీ" అంది నెమ్మదిగా. "మాదీ బ్యాడిగి కాదు."

సాయంత్రం కాకముందే రెబ్కా వచ్చింది. ఆవేళ బుధవారం కాదు. రిజిస్టరు తేలేదు. అక్బర్ పక్కన మర గట్టు మీద కూర్చుంది.

"నేనూ రిహానానే చూశాను. తప్పు నాది" అంది ముందు. తర్వాత తిన్నగా అడిగింది, ఆలోచన ఎంత తరచుగా వస్తోందో, ఎప్పుడెప్పుడు గట్టిగా వస్తోందో. అక్బర్ అన్నిటికీ అంకెల్లో చెప్పాడు. అంకెల్లో అయితే చెప్పడం తేలిగ్గా ఉంది. పొలం మందుల డబ్బాలు ఆ ఇంట్లో ఒక్కటీ ఉండకూడదని రెబ్కా అనేసరికే, వీధిలో సంగతి విని వచ్చిన వీరబాబు వాటిని బండికెత్తించి పంపేశాడు.

"ఇది జబ్బు అక్బర్. కామెర్లొస్తే కళ్ళు పచ్చబడ్డట్టు, ఇందులో ఇలాంటి ఆలోచనలొస్తాయి. తగ్గుతుంది. గుంటూరులో డాక్టరు సంజీవరావు గారని ఉన్నారు."

"పిచ్చి డాక్టరా?"

"మీ అమ్మ పళ్ళకి వేరే డాక్టరున్నాడా లేదా? ఇదీ అంతే. ఎల్లుండి వెళ్దాం. అప్పటిదాకా నువ్వు ఒంటరిగా ఉండకూడదు."

ఒంటరిగా ఉండకూడదంటే ఏమిటో మర్నాడు తెలిసింది. ఆరున్నరకి వీరబాబు బస్తా లేకుండా వచ్చి కూర్చున్నాడు. "ఊరికేరా, తుమ్ముదామని." ఎనిమిదింటికి అంకారావు అరకిలో కాయలు తెచ్చాడు. అవి పట్టాక, ఇంకో అరకిలో ఇంటి దగ్గర ఉందన్నాడు గానీ లేవలేదు. అతను లేచేసరికి ఇంకొకరు. అక్బర్ పనిచేస్తూనే వాళ్ళని లెక్కపెట్టాడు. పొద్దున్నించి మర ఒక్క నిమిషం కూడా ఖాళీగా లేదు. పట్టిన కారం మాత్రం మొత్తం ఏడు కిలోలు.

మధ్యాహ్నం మళ్ళీ వీరబాబు వచ్చేసరికి నిలదీశాడు. "ఒరేయ్, నిజం చెప్పు. వంతులు వేసిందెవరు?"

"వంతులా? ఏం వంతులు? ఎవరికి వంతులు?" వీరబాబు మండిపడ్డాడు. "పిచ్చి అనుమానాలు మానెయ్. నేను మూడింటిదాకే ఉంటా, తర్వాత సామ్రాజ్యం గారొస్తారు."

అక్బర్‌కి నవ్వు రాలేదు. కానీ రావలసిన చోటు ఇదేనని తెలిసింది. అదే మాట రిహానాతో చెప్పాడు. ఆమె అది రెబ్కాకి చెప్పాలని కాగితం మీద రాసుకుంది.

గురువారం మొదటి బస్సుకి గుంటూరు వెళ్ళారు అక్బర్, రిహానా, రెబ్కా. డాక్టరు సంజీవరావు పెద్దాయన, తొందరపడని మనిషి. అక్బర్ ఆయన్ని కూడా కాసేపు అనుమానంగానే చూశాడు. ఏదో సూది పొడుస్తాడనీ, కట్టేస్తాడనీ భయపడ్డాడు. ఆయన అలాంటివేం చెయ్యలేదు. ఎక్కువసేపు విన్నాడు. పోయిన బిడ్డకి పేరేమైనా అనుకున్నారా అని అడిగాడు. అక్బర్ ఎవరికీ చెప్పని ఒక పేరు చెప్పాడు. పక్కనున్న రిహానా ఆ పేరు మొదటిసారి అక్కడే వింది.

"మాత్రలు రాస్తున్నాను. రెండు మూడు వారాలకి గానీ తేడా తెలియదు, తెలియలేదని మానెయ్యకండి. మధ్యలో ఆ ఆలోచన ఎక్కువైతే తారీఖు కోసం ఆగొద్దు. ఎవరినైనా వెంటపెట్టుకుని ఆ రోజే రండి." డాక్టరు గోడ మీది క్యాలెండరు చూసి చీటీ మీద రాశాడు. "మళ్ళీ గురువారం కాదు, ఆ పై గురువారం. ఇరవై అయిదు."

అక్బర్ కూడా క్యాలెండరు చూశాడు. చాలాసేపు చూశాడు. రిహానా క్యాలెండరు వదిలి అతని మొహమే చూసింది.

"గురువారం కుదరదండీ" అన్నాడు. "చినపాలెం పెళ్ళివాళ్ళ కాయలొస్తాయి. నూటయాభై కిలోలు. మాటిచ్చాను."

"సరే, శుక్రవారం."

"శుక్రవారం నమాజు."

డాక్టరు కళ్ళజోడు మీదుగా చూశాడు. "శనివారమైనా మీకు తీరికుంటుందా?"

"శనివారం మొదటి బస్సుకొస్తాను. కానీ తొమ్మిదిన్నరకల్లా చూసి పంపించెయ్యాలి. ఆలస్యమైతే మర దగ్గర జనం ఆగరు."

సంజీవరావు గురువారం కొట్టేసి శనివారం రాశాడు. చీటీ అక్బర్ వైపు జరిపాడు. అక్బర్ అందుకునేలోపే రిహానా దాన్ని తీసి, నాలుగు మడతలు పెట్టి, తన చేతిసంచీ అడుగున దాచింది.

"చీటీ నా దగ్గరుంటుంది" అంది.

"నామీద నమ్మకం లేదా?"

"లేదు. లేవండి, బస్సు టైమవుతోంది."